హమ్మూ మామ తలుపు

బడి మీద ఫిర్యాదులన్నీ నా పిండిమర దగ్గరే పుట్టేవి. బార్లీ మూట గాడిద మీద వేసుకొచ్చి, వంతు కోసం గోడకి జారగిలబడ్డ మనిషికి నోరు ఊరుకోదు. ఇంజను చప్పుడులో ఏ మాటైనా అరిచే చెప్పుకోవాలి. పంతులు గురువారం సంత లారీ ఎక్కితే సోమవారం దాకా అయిపూ అజా ఉండదని ఒకడు అరిచేవాడు. పొయ్యిగొట్టం పగిలి, చలికాలమంతా పిల్లలు ఎర్రబడ్డ కళ్ళతో ఇల్లు చేరుతున్నారని ఒకడు. పిల్లకొక కట్టె చొప్పున పొద్దున్నే చంకన పెట్టి పంపితే, ఎండినవన్నీ పంతులు గదికి పోయి పచ్చివి బడి పొయ్యికి వస్తున్నాయని ఇంకొకడు. మధ్యాహ్నం పెట్టే పప్పులో రాళ్ళ గురించయితే అందరూ. అరవడం, పిండి ఎత్తుకోవడం, గాడిదని అదిలించుకుంటూ వెళ్ళిపోవడం. ఆ మాటలు పిండిధూళితో పాటు నా దూలాల మీద పేరుకునేవి.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ అరిచేవాళ్ళు కాదు. అది ఆడవాళ్ళు ఊట దగ్గర, డబ్బాలు నిండేలోపు, గొంతు తగ్గించి చెప్పుకునేది. బడికి మరుగుదొడ్డి లేదు.

మా బడి ఊరికి పైన, గాలి కొట్టే దిబ్బ మీద ఉంది. రెండు గదులు. కట్టినవాడు కిటికీలు పెట్టాడు, జెండా కర్ర పెట్టాడు, గోడ మీద దేశం పటం కూడా గీయించాడు. మనుషుల పిల్లలకి కడుపు కింద ఇంకో అవసరం ఉంటుందని మాత్రం మరిచిపోయాడు. మగపిల్లలకి కొండంతా దొడ్డే. ఆడపిల్లలు బడి వెనక నల్లబండ చాటుకు పోవాలి. సరిగ్గా ఆ బండ నెత్తి మీదుగానే మేకల దారి. మేకలు కాసే కుర్రవెధవలు పైన నిలబడి ఈలలు వేసేవాళ్ళు, గులకరాళ్ళు విసిరేవాళ్ళు. పోయినేడాది అస్సూ కూతురు రభా ఒకరోజు బండ చాటునుంచి ఏడుస్తూ నేరుగా ఇంటికొచ్చి, సంచీ మూలకి గిరాటేసింది. మళ్ళీ బడి గడప తొక్కలేదు. దాని కళ్ళకి ఏదో జబ్బని అస్సూ అందరికీ చెప్పుకున్నాడు. నా మర దగ్గర కూడా అదే చెప్పాడు. నేను తలూపాను. ఆడపిల్ల తండ్రి అబద్ధమాడితే వినేవాడు తలూపాలి, మా దగ్గర అదే మర్యాద.

నా కూతురు తూదా అప్పుడు ఐదో తరగతిలో ఉంది. దాని ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలకీ చదువు అంటలేదు, నాకు అంటనట్టే. నేను మూడో తరగతిలోనే బడి మానేసి, ఇరవై ఏళ్ళు కాసాబ్లాంకాలో గోడలకి సున్నం మోసి, నడుం పోయాక ఈ మర కొనుక్కుని ఊరొచ్చి పడ్డాను. మా ఇంట్లో అక్షరం నిలిచింది ఒక్క తూదా దగ్గరే. ఊళ్ళో ఎవరికి మందులొచ్చినా ఏ గోళీ ఎప్పుడు మింగాలో అదే చదివి చెప్పేది. మర దగ్గరికొచ్చి ఎరువుల సంచుల మీద రాతలు కూడా వదిలేది కాదు. చదివి, "నాన్నా, ఇది తినేది కాదట, చేతులు కడుక్కో" అనేది, నేనేదో తినబోతున్నట్టు.

అది తెల్లారి లేచాక నీళ్ళు తాగడం మానేసింది. టీ ఇచ్చినా ముట్టేది కాదు. ఎండురొట్టె ఆలివ్ నూనెలో అద్దుకుని నమిలి, కట్టె చంకన పెట్టుకుని దిబ్బ ఎక్కేది. సాయంత్రం బడి వదలగానే వెనక ఎవరో తరుముతున్నట్టు వాలు దిగి పరుగెత్తుకొచ్చేది. మొదట్లో నాకు అర్థం కాలేదు. ఆకలేమో అనుకున్నాను. వాన మొదలైన నెలలో దానికి జ్వరం వచ్చింది. పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. లారీలో సంత ఊరి ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి నర్సు ఒకటే అడిగింది, పిల్ల నీళ్ళు తాగి ఎంతసేపైందని. నా భార్య ఇట్టో కండువా కొంగు నోట్లో కుక్కుకుంది.

తిరిగొచ్చే లారీలో బస్తాల మధ్య కూర్చుని ఇట్టో తీర్పు చెప్పేసింది. గొంతు పెంచలేదు కాబట్టి అది మారదని నాకు తెలుసు.

"బడికి దొడ్డి కట్టిస్తే పంపుతా. ఇంకోసారి జ్వరం వచ్చిందా, ఆరోజుతో సరి. అక్షరాలు కడుపులో పుండుని మాన్పవు."

తూదా నా మోకాలు మీద తల పెట్టుకుని పడుకుంది. నిద్రపోలేదు. దాని కనురెప్పలు కదులుతూనే ఉన్నాయి.

*

మరుసటి గురువారం నేనూ అస్సూ, ముఖద్దం ఈషూ, ముగ్గురం కలిసి సంత ఊళ్ళో బడుల ఆఫీసుకెళ్ళాం. ముఖద్దం అంటే మా ఊళ్ళో ప్రభుత్వానికి కన్నూ చెవీ. నోరు మాత్రం వాళ్ళదే. ఈషూ మంచివాడే. ఎవరింట్లో చావైనా మొదట వచ్చేది ఆయనే. కానీ ఆఫీసు గుమ్మం దాటితే మనిషి సగమైపోతాడు. మేం పొయ్యిగొట్టం సంగతీ, పంతులు నాగాల సంగతీ చెప్పాం. ఆ గుమస్తా ఆడమనిషి కావడంతో దొడ్డి సంగతి చెప్పడానికి ఈషూ నేల చూశాడు, అస్సూ పైకప్పు చూశాడు. నేనే చెప్పాను. ఆవిడ సిగ్గుపడలేదు సరికదా, కుర్చీలోంచి ముందుకి వంగి వింది. ఈ ఏడాది కొండబడుల్లో దొడ్లు కట్టడానికి అనుమతులొచ్చాయనీ, పెద్ద ఆఫీసరు స్వయంగా వచ్చి చూసి ఏ బడికి లేదో రాసుకుంటాడనీ, వచ్చే నెలలో మా వైపు వస్తాడనీ చెప్పింది. అక్కడ లేదని ఆయన కళ్ళతో చూడాలి, అంతే. చూస్తే ఎండాకాలానికి కట్టేస్తారు.

ఆ సాయంత్రం లారీలో అస్సూ పాట అందుకున్నాడు. ఈషూ అందరికీ శనగలు కొనిపెట్టాడు. ఇంత చిన్న కోరిక ప్రపంచంలో ఇంకోటి ఉంటుందా అని నేననుకున్నాను. లేనిది లేదని ఒక మనిషి వచ్చి చూడటం. దానికి మేం చేయాల్సింది కూడా ఏమీ లేదు. ఊరికే ఉండటం.

మా ఊరివాళ్ళకి చేతకానిది అదొక్కటే.

ఆఫీసరు వచ్చే రోజు తెలిసిందో లేదో, ఊరు ఊరంతా పెళ్ళివారిల్లయిపోయింది. కొండల్లో మా ఊరికో పేరుంది, అతిథి వస్తే వాడు ఎవడైనా సరే ఖాళీ చేతులతో పోనివ్వరని. తాతల నాడు మంచులో దారితప్పిన దొంగకి కూడా పొయ్యి పక్కన చోటిచ్చి, పొద్దున్న దారిబత్తెం కట్టిచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి ఊరికి ఆఫీసరొస్తుంటే? ఆడవాళ్ళు బడి గోడలకి సున్నం కొట్టారు. పొయ్యిగొట్టం పగులుకి ఎవరో రేకు చుట్టి మసి పూశారు. ప్రతి ఇంటి నుంచీ ఎండు దేవదారు కట్టెలు వచ్చి పడ్డాయి, ఎన్నడూ చూడనంత మోపు. పప్పులో రాళ్ళు ఏరడానికి ముసలమ్మలు కూర్చున్నారు. పంతులు అద్నాన్ సంత లారీ ఎక్కకుండా ఆ వారమంతా ఊళ్ళోనే ఉన్నాడు. మా ఊరికొచ్చాక అతను శుక్రవారం మొహం చూడటం అదే మొదటిసారి.

నేను మర ఆపేసి ముఖద్దం ఇంటికెళ్ళాను. అక్కడ అప్పటికే మగవాళ్ళు కూడారు. ఇదంతా ఎందుకు, బడి ఎలా ఉందో అలాగే చూపిద్దాం, పొగ వస్తే రానిద్దాం, ఆయన కళ్ళూ రెండు గడియలు మండనివ్వండి అన్నాను. అందరూ నన్ను జబ్బుమనిషిని చూసినట్టు చూశారు. అప్పుడు ముసలి హమ్మూ మామ, ఊళ్ళో అందరికంటే పెద్దవాడు, గడ్డం నిమురుకుంటూ అసలు మాట తీశాడు.

"అవన్నీ సరే. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా ఉండే మనిషి. టీ పోస్తాం, మాంసం పెడతాం. మరి ఆయనకి అవసరమొస్తే ఎక్కడికి పోతాడు?"

ఆ సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు.

"నల్లబండ చాటుకి," అన్నాను నేను. "మన పిల్లలు పోయేది అక్కడికేగా."

"జాయిదూ, పిండి దుమ్ము నీ బుర్రలోకి పోయిందిరా," అన్నాడు ఈషూ. "పట్నం మనిషిని, ఆఫీసరుని, మన అతిథిని, మేకల ముందు గొంతుక్కూర్చోబెడతావా? రేపు సంతలో తల ఎత్తుకు తిరగగలమా?"

"ఆయన గొంతుక్కూర్చుంటేనే రా మనకి దొడ్డి వచ్చేది."

నవ్వారు. అస్సూ కూడా నవ్వాడు. రభా తండ్రి. అది నాకు గుర్తుండిపోయింది.

హమ్మూ మామే దారి చూపించాడు. బడి పక్కన ఒక చిన్న గది లేపుదాం అన్నాడు. మసీదు మరమ్మతులో మిగిలిన ఇటుకలున్నాయి. రేకు తన గొర్రెల దొడ్డిది ఇస్తానన్నాడు. తలుపు కూడా తనదే. వసంతంలో కొడుకు పెళ్ళి, కొత్త కోడలి గదికని చేయించిన దేవదారు తలుపు, నీలం రంగు వేసి ఆరబెట్టి ఉంది. ఆ ముసలాడి కళ్ళల్లో నిజంగానే వెలుగు కనిపించింది. కోడలి కంటే ముందు అతిథి తన తలుపు తీయడం ఆయనకి గొప్ప శకునంలా ఉంది.

ఇంటికొచ్చి ఇట్టోతో చెప్పి వాపోదామనుకున్నాను. చూస్తే ఆవిడ నా మర నేల కోసం దాచిన సిమెంటు బస్తా ఆ పాటికే బయటికి ఈడ్చిపెట్టింది.

"నీకు కూడా పిచ్చి పట్టిందా? కూతురి కోసం దొడ్డి అడిగింది నువ్వా, నేనా?"

"కడుతున్నారుగా," అంది ఇట్టో. "ఆయన పోయాక ఆ గది ఎక్కడికి పోతుంది? ఎగిరిపోతుందా? పిల్లలకే ఉంటుంది. ప్రభుత్వం కడితేనేం, హమ్మూ మామ కడితేనేం."

ఒక రాత్రంతా నేను కూడా అదే నమ్మాలని చూశాను. మూలన పడుకున్న తూదా మాత్రం అప్పుడే నమ్మేసింది. పొద్దున్న లేచి, అతిథి చేతులు కడుక్కోవడానికని తల్లి ఇచ్చిన ఇత్తడి చెంబు తోముతూ, "నాన్నా, ఆ గదికి లోపల్నుంచి గొళ్ళెం ఉంటుందటగా" అంది.

*

గొయ్యి తవ్వినవాళ్ళు మోకాలి లోతు దిగగానే బండ తగిలింది. ఇంకో చోట తవ్వితే అక్కడా బండే. టైం లేదు, ఒక మనిషికి ఒక పూట కోసమేగా, చాల్లే అనుకున్నారు. పైన పలకలు పరిచి, మధ్యలో కన్నం పెట్టి, చుట్టూ ఇటుకలు సగం మట్టితో సగం సిమెంటుతో లేపేశారు. కానీ తలుపు బిగించాక ఆ గది చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తెల్ల గోడలు, నీలం తలుపు. బడి కంటే అదే అందంగా ఉంది.

ఆఫీసరు పొద్దున్నే వచ్చాడు. నేను రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. అలా లేడు. నెరిసిన మీసం, మోచేతుల దగ్గర అరిగిన కోటు, కొండదారి జీపులో ఊగి వచ్చి మొహం పాలిపోయి ఉంది. దిగగానే అందరికీ చెయ్యి కలిపి ఆ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. పాలూ ఖర్జూరాలూ అందుకున్నాడు. తరగతిలోకి వచ్చి పిల్లల చేత చదివించాడు. తూదా లేచి ఒక పాఠం మొత్తం చదివింది, అరబ్బీలో, ఎక్కడా ఆగకుండా. మిగతా పిల్లలు అప్పజెప్పినట్టు చదివితే ఇది మాట్లాడుతున్నట్టు చదివింది. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి దాన్ని చూశాడు. పేరడిగాడు. తర్వాత ఈ బడిలో మీకేమైనా తక్కువగా ఉందా తల్లీ అని అడిగాడు.

పిల్లలందరికీ పంతులు ముందే నేర్పి ఉంచిన జవాబు ఒకటుంది. తూదా పంతులు వైపు చూసింది, కిటికీ బయట నిలబడ్డ నా వైపు చూసింది. తర్వాత నేర్పిందే చెప్పింది. అల్లా దయవల్ల ఏమీ తక్కువ లేదు అని. పదేళ్ళు దాటిన పిల్ల, గది నిండా మగపిల్లలు, గుమ్మం నిండా ఊరి పెద్దలు. ఇంకేం చెబుతుంది?

భోజనం బడి ముందు తివాచీల మీద పెట్టాం. మేకపోతుని కోశారు. గోధుమరవ్వ కుస్కుస్ పళ్ళెం బండిచక్రం అంత ఉంది. మూడో గ్లాసు టీ అయ్యాక ఆఫీసరు కొంచెం ఇబ్బందిగా చుట్టూ చూశాడు. హమ్మూ మామ ఆ చూపు కోసమే కాసుకుని కూర్చున్నాడు. లేచి, చెయ్యి పట్టుకుని నీలం తలుపు దాకా స్వయంగా తీసుకెళ్ళాడు. ఇత్తడి చెంబుతో తూదాని పక్కన నిలబెట్టాడు. ఆఫీసరు లోపలికెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నాడు. ఊరు ఊరంతా కొండల వైపు తిరిగి వాతావరణం గురించి మాట్లాడుకుంది.

ఆయన తిరిగొచ్చి కూర్చోగానే నాకు ఆగలేదు. మిగతావాళ్ళకి అరబ్బీ అంతంతే, పట్నం మనిషితో మాట్లాడాలంటే ముఖద్దం నోరు కావాలి. నాకు అక్కర్లేదు, ఇరవై ఏళ్ళ సున్నం నాకు అరబ్బీ నేర్పింది. మోకాళ్ళ మీద ముందుకి జరిగి సూటిగా చెప్పాను.

"అయ్యా, ఆ గది నిన్న కట్టారు. మీ కోసం. ఇంతకుముందు అక్కడ ఏమీ లేదు. మా ఆడపిల్లలు ఆ బండ వెనక్కి పోతారు."

ఆయన చేతిలో గ్లాసు ఆగింది. ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. ఆ క్షణంలో అంతా అయిపోయిందనీ, దొడ్డి వచ్చేసిందనీ అనుకున్నాను.

ఈషూ పెద్దగా నవ్వాడు. "మా జాయిదు అంతే అయ్యా, అతిథులంటే పడిచస్తాడు. మీరు కోరితే కొండనైనా నిన్ననే కట్టామంటాడు." తివాచీ చుట్టూ అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా తేలికపడి నవ్వాడు. గ్లాసు కింద పెట్టి చెయ్యి గుండెకి తాకించుకున్నాడు.

"నా కోసం కట్టామంటున్నారు. ఇంతకంటే పెద్ద మాట ఏముంటుందయ్యా. ఎన్నో ఊళ్ళు తిరిగాను. చాలా చోట్ల ఏమీ ఉండదు, రాళ్ళ వెనక్కి పొమ్మంటారు. అల్లా మీ ఇళ్ళు చల్లగా చూడాలి."

నేను మళ్ళీ నోరు తెరిచాను. హమ్మూ మామ నా తొడ మీద చెయ్యి వేసి నొక్కాడు. ముసలి చెయ్యి, కానీ బరువుగా ఉంది. అస్సూ ఒక మాంసం ముక్క తీసి ఆఫీసరు ముందు పెట్టాడు. మాట అక్కడినుంచి వేరే వైపు పోయింది, వానల గురించి, రోడ్డు గురించి. నిజం చెప్పాను. అది వాళ్ళ చేతుల్లో మర్యాదైపోయింది. నేను అబద్ధం చెప్పి ఉన్నా అంత బాగా ఆయన్ని సంతోషపెట్టలేకపోయేవాణ్ణి.

వెళ్ళేముందు ఆఫీసరు జీపు ఎక్కబోతూ నన్ను పిలిచాడు. ఆ పిల్ల మీ అమ్మాయేనా అని అడిగాడు. అవునన్నాను. "ఏం చేసైనా సరే, ఈ పిల్ల చదువు ఆపకండి" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. అది నేను కాదనను.

*

హమ్మూ మామ కొన్నాళ్ళు మర్యాదకి ఆగాడు. అన్నాళ్ళూ తూదా నీళ్ళు తాగి బడికెళ్ళింది. ఒక గ్లాసు టీ కూడా, రెండు పంచదార ముక్కలేసుకుని. ఇట్టో నావైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసేది. తర్వాత ముసలాడి కొడుకు గాడిదనేసుకొచ్చి, కోడలి గదికని తలుపు ఊడదీసుకుపోయాడు. వాళ్ళ సొమ్ము వాళ్ళు తీసుకుపోయారు. ఎవరైనా ఏమంటారు? గుమ్మానికి గోనెసంచి కట్టారు. దిబ్బ మీద గాలికి అది జెండాలా ఎగిరేది. మగపిల్లలకి దాని మీద రాళ్ళు విసరడం కొత్త ఆటైంది. మోకాలి లోతు గొయ్యి బడి మొత్తానికీ ఎన్నాళ్ళొస్తుంది? మొదటి మంచు పడేలోపే నిండి పొంగింది. కంపు తరగతిలోకి వచ్చిందని పంతులే మనుషుల్ని పిలిచి దాన్ని రాళ్ళతో పూడ్పించాడు. మంచు కరిగేటప్పుడు మట్టితో లేపిన గోడ కూలింది. సిమెంటుతో లేపిన గోడ ఇప్పటికీ ఉంది. నా సిమెంటు.

ఆడపిల్లలు మళ్ళీ నల్లబండకి. తూదా మళ్ళీ ఎండురొట్టెకి.

నేను ఒక్కణ్ణే ఆఫీసుకెళ్ళాను. ఆ గుమస్తా ఆవిడే ఉంది, నన్ను గుర్తుపట్టింది. దొడ్ల అనుమతులు మా ఊరికి రాలేదు, పక్క లోయలో ఊళ్ళకి వచ్చాయని చెప్పింది. ఆఫీసరు మా బడి గురించి చాలా గొప్పగా చెప్పాడట. మా బడికి దొడ్డి లేదమ్మా అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"ఉందన్నారు బాబాయ్. ఆయన స్వయంగా వెళ్ళొచ్చారట కదా."

పోనీ నేనే తవ్వుతానని గునపం పట్టుకుని దిబ్బెక్కాను. నడుం పోయిన మనిషి బండని ఎంత కొడతాడు? నాలుగు దెబ్బలు వేశానో లేదో ఈషూ రొప్పుకుంటూ వచ్చాడు. అది ప్రభుత్వం నేల అన్నాడు. అనుమతి లేకుండా తవ్వితే తన ఉద్యోగం పోతుందన్నాడు. మరి అప్పుడు తవ్వారు కదా అన్నాను. అది అతిథి కోసం, ఆ సంగతి వేరు అన్నాడు. పైగా అక్కడ ఒకటి ఉందని వాళ్ళు రాసుకున్నారు, ఉన్నచోట ఇంకోటి ఎలా కడతావు అన్నాడు. ఎగతాళికి అనలేదు. నా చేతిలోంచి గునపం తీసుకుని, నా నడుం నొస్తుందని తనే ఇంటిదాకా మోసుకొచ్చాడు. ఆ మంచితనమే నన్ను చంపింది. తిట్టడానికి ఒక్క చెడ్డవాడు దొరకలేదు నాకు.

బాదంపూలు రాలే రోజుల్లో తూదాకి రెండోసారి జ్వరం వచ్చింది. ఈసారి నడుం దాకా నొప్పి. ఆసుపత్రిలో సూదులు వేసి పడుకోబెట్టారు. నర్సు ఈసారి ఏమీ అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు లారీలో ఇట్టో కూడా ఏమీ అనలేదు. అనాల్సింది పోయిన ఏడాదే అనేసింది. ఇల్లు చేరాక తూదా పుస్తకాల సంచీ తీసి, లోపల పెన్సిళ్ళు సర్ది, పైన దూలానికి ఉన్న మేకుకి తగిలించింది. కోపంగా కాదు. చలికాలం అయిపోయాక గొంగళి మడిచి పెట్టినట్టు, జాగ్రత్తగా.

నేను వాదించాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఇట్టో అంతా విని, పిల్ల పొత్తికడుపు మీద వేడి ఇటుక గుడ్డలో చుట్టి పెడుతూ, "దాన్నే అడుగు" అంది. అడిగాను.

"ఫర్లేదు నాన్నా," అంది తూదా. "నాకు దాహం వేస్తోంది."

హమ్మూ మామ కొడుకు పెళ్ళి ఆ నెలాఖరుకే జరిగింది. ఊరంతా వెళ్ళాం, వెళ్ళకపోతే బాగుండదు. కొత్త కోడలి గదికి నీలం తలుపు. ఆఫీసరంతటివాడు తెరిచిన తలుపు అని ముసలాడు వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించాడు. అస్సూ దాని మీద చేత్తో తట్టి, చెక్క గట్టిదని మెచ్చుకున్నాడు. గొళ్ళెం లోపలివైపు ఉంది. నున్నటి ఇత్తడి గొళ్ళెం.

ఇప్పుడు తూదా నాతో పాటు మర దగ్గరే ఉంటుంది. బస్తాల మూతులు కడుతుంది, పిండి ఊడుస్తుంది, వంతులు తేలుస్తుంది. సంచుల మీద రాతలు చదవడం మానేసింది. వచ్చినవాళ్ళు ఇంకా బడి గురించి అరుస్తూనే ఉంటారు, పంతులు నాగాలు, పొగ, రాళ్ళు. అది వింటున్నట్టే ఉండదు. ఒళ్ళు చేసింది, బుగ్గలు నిండాయి, జ్వరం మళ్ళీ రాలేదు. ఇట్టో ఊట నుంచి తెచ్చే నీళ్ళ డబ్బా దాని పక్కనే ఉంటుంది. గంటకోసారి ఎత్తి గుటగుటా తాగుతుంది, మెడ మీద కారుతున్నా ఆపదు.